‘కార్బన్ న్యూట్రల్’ గుర్తు పోయింది సరే, మిగిలిన పొగ ఎవరి ఖాతాలో?

2023 సెప్టెంబర్‌లో యాపిల్ వాచ్ సిరీస్ 9 లాంచ్ ఈవెంట్ చూసినవాళ్ళకి ఆ స్కిట్ గుర్తుండే ఉంటుంది. ప్రకృతి మాత వేషంలో ఒక నటి యాపిల్ ఆఫీసుకి వచ్చి, టిమ్ కుక్‌నీ ఆయన టీమ్‌నీ కూర్చోబెట్టి, పర్యావరణానికి ఏం చేశారో లెక్క అడుగుతుంది. వాళ్ళు కొత్త వాచీ చూపిస్తారు, ఇదే మా మొదటి కార్బన్ న్యూట్రల్ ప్రోడక్ట్ అని. బాక్స్ మీద ఆకుల గుర్తు కూడా వేశారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2025 సెప్టెంబర్‌లో సిరీస్ 11 వచ్చింది. బ్యాటరీ పెరిగింది, 5జీ వచ్చింది, ఆకుల గుర్తు పోయింది.

మధ్యలో జరిగింది ఇదీ. జర్మనీలో ఒక పర్యావరణ సంస్థ కేసు వేసింది. 2025 ఆగస్టులో ఫ్రాంక్‌ఫర్ట్ కోర్టు, ఈ వాచీని ‘సీఓటూ న్యూట్రల్’ అని అక్కడ అడ్వర్టైజ్ చేయకూడదని తీర్పిచ్చింది. కారణం బ్యాటరీ కాదు, ఫ్యాక్టరీ కాదు. పరాగ్వేలో వేసిన యూకలిప్టస్ తోట. వాచీ తయారీలో తగ్గించగలిగినంత తగ్గించాక మిగిలిన ఉద్గారాలకి బదులుగా ఆ తోటలో చెట్లు కార్బన్ పీల్చుకుంటాయని యాపిల్ లెక్క చూపించింది. తీరా చూస్తే ఆ ప్రాజెక్టు భూమిలో 75 శాతానికి లీజు 2029తో అయిపోతుంది. ఆ తర్వాత పొడిగిస్తారన్న గ్యారంటీ లేదు. కొన్నవాడు మాత్రం ఈ ‘న్యూట్రల్’ దాదాపు 2050 వరకు నిలబడుతుందని అనుకుంటాడు కదా అని కోర్టు అడిగింది.

మా తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు ఈ తీర్పు ఎవరికి చెప్పినా లాయర్ లేకుండానే అర్థమైపోతుంది. లీజు అంటే కౌలు. కౌలుకి తీసుకున్న చేలో వరి వేస్తారు, మినుము చల్లుతారు, మొక్కజొన్న పెడతారు. కొబ్బరి మొక్క ఎవరూ నాటరు. కాపుకొచ్చేసరికి చేను ఎవరి చేతిలో ఉంటుందో తెలీదు కాబట్టి. ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన కంపెనీల్లో ఒకటి, వాతావరణంలో వందల ఏళ్ళు ఉండిపోయే కార్బన్‌కి జవాబుగా నాలుగేళ్ళ కౌలు కాగితం చూపించింది.

యాపిల్‌ని తిట్టడానికి ఈ ఆర్టికల్ రాయడం లేదు. మిగతా కంపెనీల్లో చాలావాటితో పోలిస్తే యాపిల్ తగ్గించింది ఎక్కువే. ఆ వాచీల విషయంలో 75 శాతం పైగా తగ్గించామని లెక్కలతో సహా బయటపెట్టింది. నా గొడవంతా ఆ మిగిలిన పావు వంతు గురించి. దాన్ని ఏం చేయాలి?

మిగిలింది వేరు, మిగిల్చుకున్నది వేరు

ఆఫ్‌సెట్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. నేను ఇక్కడ ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వదిలాను. ఇంకోచోట ఎవరో చెట్లు పెంచి ఒక టన్ను పీల్చేలా చేశారు, లేదా వదలాల్సిన టన్ను వదలకుండా ఆపారు. వాళ్ళకి డబ్బిచ్చి ఒక క్రెడిట్ కొనుక్కుంటాను. చెల్లుకు చెల్లు. కాగితం మీద నా లెక్క సున్నా. ఇక్కడినుంచి సులువుగా ఉంటుందని ఉద్గారాల్ని ‘పొగ’ అనే అంటాను. ఫోన్ తయారీలో చిమ్నీ పొగ, కరెంటు కోసం కాల్చిన బొగ్గు, విమానం ఇంధనం అన్నీ అందులో కలిసే ఉంటాయి.

ఈ ‘చెల్లు’ మాటకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. అసలు మిగిలింది అంటున్నది నిజంగా మిగిలిందా?

ఐఫోన్ 15 బేసిక్ మోడల్‌కి దాని జీవితకాలం మొత్తం మీద 56 కిలోల పొగ అని యాపిల్ రిపోర్టే చెబుతుంది. ఇలాంటి ఫోన్లలో సింహభాగం, ఐదింట నాలుగు వంతుల దాకా, తయారీలోనే వచ్చేస్తుంది. మనం చార్జింగ్ పెట్టుకునే కరెంటు వాటా తక్కువే. అంటే ఫోన్ మన చేతికొచ్చేసరికే చేయాల్సిన నష్టం చాలావరకు చేసేసింది. ఇక మన చేతిలో ఉన్నది దాన్ని ఎన్నేళ్ళు వాడతామన్నదే. మూడేళ్ళు వాడితే ఏడాదికి 19 కిలోలు పడుతుంది. ఐదేళ్ళు వాడితే 11.

మరి ఐదేళ్ళు వాడనిస్తున్నారా? తెనాలి బోస్ రోడ్డు పక్క సందుల్లో ఫోన్ రిపేర్ షాపుల్లో కూర్చుని చూడండి. డిస్‌ప్లే మార్చడం, చార్జింగ్ పిన్ మార్చడం, బ్యాటరీ మార్చడం, నీళ్ళలో పడ్డ బోర్డుని హీట్ గన్‌తో బతికించడం ఆ కుర్రాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం. వాళ్ళకి దొరకనిది ఒరిజినల్ పార్ట్. దొరికినా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు, ‘ఈ పార్ట్ గుర్తించలేకపోతున్నాం’ అని మెసేజ్ పెడుతుంది. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి రూల్ మారింది. అక్కడ అమ్మే ఫోన్లకి మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్ళు స్పేర్ పార్టులు దొరకాలి, ఐదేళ్ళు ఓఎస్ అప్‌డేట్లు ఇవ్వాలి, బ్యాటరీ 800 సార్లు చార్జ్ చేశాక కూడా 80 శాతం మిగలాలి. అదే కంపెనీ, అదే మోడల్. అక్కడ చేయగలిగింది ఇక్కడ చేయకపోతే, ఇక్కడి పొగలో కొంత భాగం మిగిలింది కాదు, మిగిల్చుకున్నది.

కంపెనీల టార్గెట్లని పరిశీలించే ఎస్‌బీటీఐ అనే అంతర్జాతీయ సంస్థ 2021లో పెట్టిన నెట్ జీరో ప్రమాణం కూడా ఇంచుమించు ఇదే అంటుంది. చాలా రంగాల్లో ముందు 90 శాతం పైగా తగ్గించు, ఆ చివరి కొంచెం గురించి తర్వాత మాట్లాడదాం అని. మన మార్కెట్లో నడుస్తున్నది దీనికి ఉల్టా. ముందు క్రెడిట్ కొను, గుర్తు అంటించు, తగ్గించడం తీరిగ్గా చూద్దాం.

ఒక టీ డబ్బులతో న్యూట్రల్

ఇప్పుడు కొంచెం లెక్కలు. బోర్ అనిపిస్తే ఈ సెక్షన్ వదిలేయొచ్చు కానీ, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ఆ కార్బన్ న్యూట్రల్ వాచీల్లో తగ్గించగా మిగిలింది ఒక్కోదానికి 7 నుంచి 12 కిలోలు. 10 కిలోలు అనుకుందాం. టన్నులో వందో వంతు. మార్కెట్లో అడవి క్రెడిట్లు చౌకగా, టన్నుకి పది డాలర్ల లోపు కూడా దొరుకుతుంటాయి. యాపిల్ ఎంత పెట్టి కొన్నదో నాకు అనవసరం, ఒక కంపెనీ పది డాలర్ల క్రెడిట్ కొంది అనుకుందాం. డాలర్ 85 రూపాయలు వేసుకుంటే వాచీకి పడేది ఎనిమిదిన్నర రూపాయలు. ఇండియాలో సిరీస్ 9 ధర 41,900 దగ్గర మొదలైంది. ఆ డబ్బులో ఒక టీ ఖర్చు తీసి పక్కన పెడితే వాచీ ‘న్యూట్రల్’ అయిపోతుందన్నమాట. ఆ టీ ఖర్చుతో వచ్చే పబ్లిసిటీ విలువ ఎంతో మార్కెటింగ్ చేసినవాళ్ళని అడగండి.

ఇంకో వైపు నుంచి చూద్దాం. ఒక టన్ను పొగ వల్ల ప్రపంచానికి జరిగే నష్టం ఎంత? పంట నష్టం, వడదెబ్బలు, తుఫాన్లు, వరదలు అన్నీ కలిపి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2023లో వేసిన లెక్క దాదాపు 190 డాలర్లు. తర్వాత వచ్చిన ప్రభుత్వానికి ఆ లెక్క నచ్చలేదు, అది వేరే కథ. ఆ రేటున 10 కిలోల వాచీకి 160 రూపాయలు. 56 కిలోల ఐఫోన్ 15కి 900 రూపాయలు. ఆ ఫోన్ లాంచ్ ధర 79,900. అంటే ధరలో ఒక శాతం కొంచెం పైన. టెంపర్డ్ గ్లాస్, మంచి బ్యాక్ కేస్ కలిపితే అంతకంటే ఎక్కువవుతుంది.

నేను కంపెనీల్ని అడిగేది ఈ 900. చెట్లకో, పొలాలకో అని కాదు, ముందు అసలు లెక్కలో ఆ డబ్బు పక్కన పెట్టమని. లక్ష ఫోన్లు అమ్మితే 9 కోట్లు. దీన్ని కస్టమర్ మీద ‘గ్రీన్ ఫీజు’ అని వేయకూడదు, చెకౌట్ పేజీలో ‘మీ కార్బన్ తగ్గించుకోండి, 49 రూపాయలు’ అని టిక్ బాక్స్ పెట్టకూడదు. పొగ వాళ్ళది, బాకీ వాళ్ళది. మైక్రోసాఫ్ట్ 2012 నుంచే తన డిపార్ట్‌మెంట్ల దగ్గర టన్నుకింత అని లోపల్లోపల వసూలు చేస్తోంది. 2019లో దాన్ని 15 డాలర్లకి పెంచింది. రేటు తక్కువే, కానీ పద్ధతి సరైనదే. పొగ వదిలిన డిపార్ట్‌మెంట్ బడ్జెట్‌లో కోత పడితే, పొగ తగ్గించే ఆలోచన ఆ డిపార్ట్‌మెంట్‌లోనే పుడుతుంది.

రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తే

సరే, డబ్బు పక్కన పెట్టారు. ఎక్కడ పెట్టాలి? గ్యాడ్జెట్ సైట్లో ఇదేం టాపిక్ అనుకోవద్దు. ఈ ప్రశ్నకి మంచి జవాబూ, చెడ్డ జవాబూ రెండూ మా ఊళ్ళ చుట్టూనే ఉన్నాయి.

రేపల్లె నుంచి సముద్రం వైపు, నిజాంపట్నం వైపు వెళ్తే కృష్ణ సముద్రంలో కలిసే చోట మడ అడవులు. పాయ అవతల దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టిన చోటు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లు ఆటుపోట్ల బురదలో వేళ్ళు పైకి పెట్టి నిలబడి ఉంటాయి. వాటి వేళ్ళ మధ్యే రొయ్య పిల్ల, పీత, చేప పెరుగుతాయి. కెరటం జోరు కూడా అక్కడే తగ్గుతుంది. కార్బన్ సంగతికొస్తే ఈ అడవి గొప్పతనం చెట్టులో కంటే కింద బురదలో ఎక్కువ. రాలిన ఆకు, చచ్చిన వేరు గాలి తగలని ఆ బురదలో కుళ్ళకుండా పేరుకుపోతుంది. కదిలించకుండా ఉంటే శతాబ్దాలు అలాగే ఉంటుంది. చెరువు కోసం తవ్వారంటే మాత్రం దాచిందంతా బయటికి వస్తుంది.

1990ల్లో రొయ్యల చెరువుల మోజులో మా తీరంలో జరిగింది అదే. కొన్నేళ్ళకి రోగాలొచ్చి వదిలేసిన చెరువులూ ఉన్నాయి, ఉప్పు పేరుకుపోయి ఏమీ మొలవని నేలలూ ఉన్నాయి. 1990ల చివర్లో ఎంఎస్ స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ, మత్స్యకార గ్రామాలు కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒక పని చేశాయి. పాడైపోయిన నేలలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా చేప ముల్లులాగా చిన్న కాలవలు తవ్వారు. పోటుకి నీళ్ళు లోపలికి వచ్చి, ఆటుకి బయటికి పోవడం మొదలయ్యాక ఉప్పు కడుక్కుపోయింది. అప్పుడు మడ మొక్కలు నాటితే నిలబడ్డాయి. రాకెట్ సైన్స్ కాదు, పార, ఓపిక, ఊరి మనుషులు. ఆ కాలవలు పూడిపోకుండా తర్వాత కూడా చూసుకోవాలి. అసలు ఖర్చు నాటడానికి కాదు, ఆ ‘తర్వాత’కి.

ఇప్పుడు ఒక ఫోన్ కంపెనీ ఇక్కడికొచ్చి, కృష్ణా అభయారణ్యంలో నిక్షేపంగా ఉన్న మడ అడవిని చూపించి ‘మేం దీన్ని కాపాడుతున్నాం, ఇన్ని లక్షల టన్నులు’ అంటే? అది చెల్లదు. ఆ అడవిని అటవీ చట్టం, తీరప్రాంత నియమాలు ఇప్పటికే కాపాడుతున్నాయి. వీళ్ళ డబ్బు రాకపోయినా ఉండే చెట్టుకి వీళ్ళు క్రెడిట్ తీసుకోకూడదు. యాపిల్ మీద 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో కొంతమంది కస్టమర్లు వేసిన కేసులో ఆరోపణ కూడా ఇలాంటిదే. కెన్యాలో, చైనాలో వాళ్ళు చూపించిన అడవులు ఆ ప్రాజెక్టులు లేకపోయినా ఉండేవే అని వాదన.

వదిలేసిన రొయ్యల చెరువు గట్టు తెంపి, పోటు నీళ్ళు తిరిగి రానిచ్చి, మళ్ళీ మడ పెంచితే మాత్రం అది కొత్తగా వచ్చిన అడవే. ఆ డబ్బు రాకపోతే జరగని పని. కేంద్రం 2023లో మొదలుపెట్టిన మిష్టి పథకం కూడా తొమ్మిది రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి 540 చదరపు కిలోమీటర్లలో మడ పెంచాలని చెప్పింది. అందులో మన రాష్ట్రం కూడా ఉంది. ప్రభుత్వ పథకం ఉంది కదా అంటే, నాటిన తర్వాత ఇరవై ఏళ్ళు కాలవ పూడిక తీయించేవాడు కూడా కావాలి కదా అంటాను. మహారాష్ట్ర అలీబాగ్ దగ్గర మడ అడవుల కోసం అక్కడి ఊళ్ళతో పనిచేసే సంస్థకి యాపిల్ 2021లో గ్రాంట్ ఇచ్చింది. కంపెనీలకి దారి తెలియక కాదు.

కానీ ఇక్కడ కూడా ఒక్క తుఫానుకి పదేళ్ళ మడ పోవచ్చు. వాచీ తయారీలో వదిలిన కార్బన్ మాత్రం గాలిలోనే ఉంటుంది. అందుకే మడకి డబ్బివ్వండి, చెల్లు మాత్రం అనకండి అంటున్నాను. ఉప్పెన నుంచి ఊరిని కాపాడినందుకు, పీతలకి చోటిచ్చినందుకు ఇవ్వండి. బాకీ పుస్తకంలో సున్నా రాసుకోవడానికి ఇవ్వకండి.

బాపట్ల మడిలో ఇంకో చిక్కు

మనం ఇష్టంగా తినే బీపీటీ బియ్యంలో ఆ బీపీటీ అంటే బాపట్లే. సాంబ మసూరి, బీపీటీ 5204, 1986లో విడుదలైన రకం, పుట్టింది బాపట్ల పరిశోధన కేంద్రంలో. దాదాపు అయిదు నెలల పంట. అన్నాళ్ళు నీళ్ళు నిలబడిన మడి బురదలోంచి మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కలో చూసినా కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు ఎక్కువ వేడి పుట్టించే గ్యాస్ అది. మధ్యమధ్యలో మడి ఆరనిచ్చి మళ్ళీ తడిపితే ఈ మీథేన్ 30 శాతం నుంచి దాదాపు సగం దాకా తగ్గుతుంది. బెజ్జాలు పెట్టిన పైపు ఒకటి మడిలో పాతి, నీటి మట్టం జానెడు లోతుకి పడిపోయాక మళ్ళీ నీళ్ళు పెట్టడం. అంతే టెక్నాలజీ.

ఈ తగ్గించిన మీథేన్‌ని క్రెడిట్లుగా చేసి కంపెనీలకి అమ్మే వ్యాపారం మన దేశంలో జోరుగా పెరుగుతోంది. ఐడియా మంచిదే. కానీ డెల్టా సంగతి తెలిసినవాడికి వెంటనే నాలుగు ప్రశ్నలు పుడతాయి.

నీళ్ళు రైతు చేతిలో ఉన్నాయా? ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే పశ్చిమ డెల్టా కాలవలో వంతుల వారీగా నీళ్ళొస్తాయి, మడి నుంచి మడికి పారతాయి. పైవాడు నీళ్ళు వదిలితే కిందివాడి మడి ఆరదు. రేపల్లె, నిజాంపట్నం చివరి భూముల్లో పరిస్థితి ఇంకా తమాషా. అక్కడ నీళ్ళు సమయానికి అందక మడులు వాటంతటవే ఎండుతుంటాయి. రైతు తల పట్టుకుని కూర్చున్న ఆ ఎండుని కూడా ‘మీథేన్ తగ్గింపు’ అని శాటిలైట్ ఫొటోతో లెక్క కట్టి అమ్మేస్తే? కరువుని ప్యాక్ చేసి అమ్మినట్టే. అలాగే మా వైపు చాలామంది కూలీల కొరత వల్ల, కాలవ ఆలస్యం వల్ల ఎప్పుడో నాట్లు మానేసి వెదజల్లడానికి మారిపోయారు. దానివల్ల మీథేన్ తగ్గితే అది రైతు చేసిన పని, ఫోన్ కంపెనీ చేయించింది కాదు. ఇవి ఊహలు కావు. క్రెడిట్లని రిజిస్టర్ చేసే వెరా అనే సంస్థ 2024 ఆగస్టులో చైనాలోని 37 వరి ప్రాజెక్టులని లెక్కలు సరిగ్గా లేవని కొట్టేసింది.

అసలు డబ్బు ఎవరికి? డెల్టాలో చాలా ఊళ్ళలో మడిలో దిగేది కౌలు రైతు. పాస్ బుక్ ఉన్నది ఇంకొకరి పేరు మీద. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు ఒప్పందం 11 నెలలకే. కార్బన్ ప్రాజెక్టులేమో ఏళ్ళ తరబడి నడుస్తాయి. మడి ఆరబెట్టి, కలుపు ఎక్కువైతే దాన్ని తీయించి, దిగుబడి తగ్గుతుందేమోనని భయపడేది ఒకరు. క్రెడిట్ డబ్బు ఎవరి అకౌంట్లో పడుతుందో కంపెనీ రిపోర్టులో చూపిస్తే గానీ నేను ఆ క్రెడిట్‌ని నమ్మను. పరాగ్వేలో నాలుగేళ్ళ లీజుకే కోర్టు తప్పు పట్టింది, ఇక్కడ 11 నెలలు.

ఇంత చెప్పినా నేను ఈ పని ఆపేయమనడం లేదు. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కాలేజీ ఉంది, వరి పరిశోధన కేంద్రం ఉంది. ఫోన్ కంపెనీ డబ్బు అక్కడికి వెళ్ళి, తక్కువ రోజుల్లో పండే, ఆరుతడికి తట్టుకునే రకం ఒకటి వస్తే, చివరి కాలవ బాగుపడితే, ఎన్ని టన్నులు తగ్గాయో కచ్చితంగా చెప్పలేకపోవచ్చు. మంచి మాత్రం క్రెడిట్ కంటే ఎక్కువ జరుగుతుంది.

నిలకడ కావాలంటే ఇంకో దారి ఉంది. గూగుల్ 2025 జనవరిలో వరాహ అనే మన దేశపు కంపెనీతో లక్ష టన్నుల బయోచార్ క్రెడిట్లు 2030 లోపు కొంటామని ఒప్పందం చేసుకుంది. గుజరాత్‌లో కుప్పలుగా పెరిగిన సర్కారు తుమ్మని గాలి తగలకుండా కాల్చి బొగ్గులాగా మార్చి నేలలో కలపడం. ఆ కార్బన్ వందల ఏళ్ళు బయటికి రాదు. ఇది చెట్టు కంటే ఖరీదు, అందుకే నాకు నచ్చింది. సర్కారు తుమ్మ మా తీరంలో ఎంతుందో చెప్పక్కర్లేదు.

గుర్తు తీసేస్తే డబ్బు కూడా ఆగిపోతుందా?

ఈ వాదనకి ఎదురు వాదన ఒకటి ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. యూరప్‌లో 2026 సెప్టెంబర్ 27 నుంచి ఆఫ్‌సెట్లు చూపించి ప్రోడక్ట్‌ని న్యూట్రల్ అనడం నిషేధం. గుర్తు వేసుకునే లాభం లేకపోతే కంపెనీ ఎందుకు డబ్బిస్తుంది? అలీబాగ్‌కైనా, రేపల్లెకైనా వచ్చే ఆ కాస్తా రాకుండా పోతుంది కదా అని.

గూగుల్‌ని చూడండి. 2007 నుంచి తను కార్బన్ న్యూట్రల్ అని చెప్పుకుంది. 2023 నుంచి ఆ మాట మానేసింది. 2019తో పోలిస్తే తన పొగ 48 శాతం పెరిగిందని తన రిపోర్టులోనే రాసుకుంది, ఏఐ డేటా సెంటర్లు అందులో పెద్ద కారణం. ఆ తర్వాతే పైన చెప్పిన సర్కారు తుమ్మ బొగ్గు ఒప్పందం చేసుకుంది. గుర్తు లేకుండా కూడా డబ్బు వస్తుందనడానికి అదే సాక్ష్యం. లక్ష టన్నులు దాని మొత్తం పొగ ముందు ఆవగింజే, అందులో డౌట్ లేదు. పెరిగింది అని ఒప్పుకున్న కంపెనీని ఇంకా ఎంత చేస్తావని నిలదీయొచ్చు. సున్నా అని చెప్పిన కంపెనీని ఏమని అడుగుతాం? విశాఖలో ఏఐ హబ్‌కి 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబర్‌లో అదే గూగుల్ ప్రకటించింది. ఆ సర్వర్లకి రాత్రిపూట ఏ కరెంటు, మిగిలిన పొగ ఎంత, దానికి ఈ తీరంలోనే ఎంత ఖర్చు పెడతారు అని ఇప్పుడే అడగొచ్చు.

నా మటుకు నేను రివ్యూల్లో ఒకటి మారుస్తున్నాను. ఇకపై ఏ ఫోన్‌కైనా, వాచీకైనా ‘పర్యావరణం’ కాలమ్‌లో న్యూట్రల్ అన్న మాటకి మార్కులు ఉండవు. మొత్తం ఎన్ని కిలోలు, అందులో తగ్గించాక మిగిలింది ఎన్ని, దానికి టన్నుకి ఎంత రేటు పెట్టుకున్నారు, ఆ డబ్బు ఏ ఊళ్ళో ఎవరి చేతికి ఎన్నేళ్ళు వెళ్తుంది, స్పేర్ బ్యాటరీ తెనాలి లాంటి ఊళ్ళో ఎంతకి దొరుకుతుంది. ఇవి చెప్పిన కంపెనీకి, అంకెలు ఎంత వికారంగా ఉన్నా, ఎక్కువ మార్కులు.

మీరు చేయగలిగింది కూడా ఒకటుంది. 2024 అక్టోబర్ 15న మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గ్రీన్‌వాషింగ్ మార్గదర్శకాలు తెచ్చింది. ఏ కంపెనీ అయినా పర్యావరణం గురించి గొప్ప చెప్పుకుంటే దానికి ఆధారం చూపించాలి, యాడ్‌లోనో, క్యూఆర్ కోడ్‌తోనో, వెబ్ లింక్‌తోనో. కొత్త ఫోన్ డబ్బా మీద ‘కార్బన్ న్యూట్రల్’, ‘క్లైమేట్ పాజిటివ్’ లాంటివి కనిపిస్తే ఆ కోడ్ స్కాన్ చేయండి. కోడే లేకపోయినా, ఉన్న పేజీలో చెట్ల ఫొటోలు తప్ప అంకెలు లేకపోయినా డబ్బా ఫొటో తీసి పెట్టుకుని, నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కంప్లైంట్ తెలుగులోనే చెప్పొచ్చు.